ఐఫెల్ అడవుల్లో సైకిల్ యాత్ర: ఫెన్‌బాన్, రూర్ తీరం, మార్–మోజెల్ – ఏది మేలు?

జర్మనీ పడమటి అంచున, బెల్జియం, లక్సెంబర్గ్ సరిహద్దులు కలిసేచోట ఐఫెల్, ఆర్డెన్ అడవులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. సైకిలుకు సామాను కట్టుకుని, వెనుక హారన్ల మోత లేకుండా రెండు మూడు రోజులు అడవిలో తొక్కుకుంటూ పోవాలనుకునేవారికి ఇక్కడ పేరున్న దారులు మూడున్నాయి. ఆఖెన్ నుంచి లక్సెంబర్గ్ దాకా పాత రైలు కట్ట మీద సాగే ఫెన్‌బాన్ ఒకటి. రూర్ నది పుట్టిన చోటు నుంచి నెదర్లాండ్స్ దాకా దానితోపాటే వెళ్ళే రూర్ తీర మార్గం మరొకటి. డౌన్ అనే ఊరి నుంచి మోజెల్ నదికి దిగే మార్–మోజెల్ దారి మూడోది. ఆఖెన్‌లో ఇంజినీరింగ్ చదివే తెలుగు విద్యార్థులకు మొదటి రెండూ గుమ్మం ముందున్నట్టే. అయినా చాలామంది సెలవు రాగానే పారిస్‌కో ఆమ్‌స్టర్‌డామ్‌కో రైలెక్కుతారు, ఈ అడవుల వైపు తిరిగి చూడరు. నాకు అది నిజంగా బాధగా ఉంటుంది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. తొలిసారి వెళ్ళేవారు ఫెన్‌బాన్‌నే ఎంచుకోవాలి. అది కూడా అందరూ వెళ్ళే ఉత్తర దిక్కు నుంచి కాకుండా దక్షిణం నుంచి మొదలుపెట్టాలి.

దారి ఎంచుకునేటప్పుడు వాహనాలు ఉన్నాయా లేవా అన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఐఫెల్ అంతా ముడతలు పడ్డ పీఠభూమి. ఊళ్ళు, వాగులు లోయల్లో ఉంటాయి, అడవి వాటి మధ్య గట్ల మీద ఉంటుంది. కార్లు రాని అడవి బాటలు ఇక్కడ వందల కిలోమీటర్లున్నాయి, కానీ వాటిలో చాలావరకు కలప బళ్ళ కోసం వేసినవి. ఒక వాగు దగ్గరికి నిటారుగా దిగి, అవతలి గట్టుకు అంతే నిటారుగా ఎక్కుతాయి. క్యారియర్‌కు రెండు పక్కలా సంచులు కట్టుకున్న సైకిలుతో రోజుకు ఇలాంటివి నాలుగు ఎక్కితే ఐదోదాని దగ్గర చెట్టూ కనిపించదు, పిట్టా వినిపించదు. రైలు కట్ట మీద వేసిన దారికి ఈ బాధ లేదు. ఆవిరి ఇంజను బరువైన గూడ్సును లాగుతూ ఎక్కలేని వాలును ఆ కాలపు ఇంజినీర్లు అసలు పెట్టనే లేదు. కొండ అడ్డమొస్తే తొలిచారు, లోయ వస్తే వంతెన కట్టారు, చుట్టు తిరగాల్సిన చోట తిరిగారు. నూట నలభై ఏళ్ళ కిందటి ఆ కష్టం ఈరోజు మన మోకాళ్ళను కాపాడుతోంది.

ఫెన్‌బాన్ అలాంటి దారి. పొడవు 125 కిలోమీటర్లు, దాదాపు అంతా తారు, వాలు రెండు శాతం దగ్గరే ఆగుతుంది. ఆఖెన్–మోన్‌షావ్ మధ్య 1885లో రైలు నడిచింది. 1889 నాటికి లైను లక్సెంబర్గ్‌లోని త్రువావియెర్జ్ చేరింది. ఆఖెన్ బొగ్గు దక్షిణానికి, లక్సెంబర్గ్ ఇనుప ఖనిజం ఉత్తరానికి ఈ పట్టాల మీదే పోయేవి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత వెర్సాయ్ ఒప్పందం ప్రకారం ఒయిపెన్, మాల్మెడీ ప్రాంతాలు బెల్జియానికి వచ్చాయి. వాటిని కలిపే లైను కాబట్టి రైలు కట్ట కూడా బెల్జియానిదే అయింది. దాంతో కట్టకు పడమటి వైపున్న జర్మనీ ఊళ్ళు కొన్ని తమ దేశం నుంచి తెగిపోయాయి. ఇప్పటికీ అలాంటి తునకలు ఐదున్నాయి. కోన్‌సెన్ దగ్గర ర్యుక్‌ష్లాగ్ అనే తునకైతే ఒక ఇల్లూ దాని తోటా మాత్రమే. కంచె లోపల జర్మనీ, కంచె బయట చుట్టూ బెల్జియం. దారి ఆ కంచె పక్కనే పోతుంది. తెలియనివాడు మామూలు ఇల్లే కదా అనుకుని దాటేస్తాడు. నేను ఎవరికి ఈ దారి గురించి చెప్పినా అక్కడ దిగి ఒక్క నిమిషం నిలబడమంటాను. రైళ్ళు ఎప్పుడో ఆగిపోయాయి, 2013లో దారి సైకిళ్ళకు పూర్తిగా తెరుచుకుంది, అయినా ఆ కట్ట ఇంకా బెల్జియం నేలే. రోట్‌గెన్ పరిసరాల్లో కొన్ని మీటర్ల వెడల్పున్న బెల్జియం మీద సైకిల్ తొక్కుతుంటే రెండు వైపులా జర్మనీ ఉంటుంది.

ఇక దక్షిణం నుంచి ఎందుకు మొదలుపెట్టాలి? ఆఖెన్ దాదాపు 200 మీటర్ల ఎత్తులో ఉంది. దారిలో అన్నిటికంటే ఎత్తైన చోటు సూర్‌బ్రోట్ దగ్గర 550 మీటర్లు దాటుతుంది. ఆఖెన్ నుంచి వెళ్తే మొదటిరోజంతా ఎక్కడమే. మెత్తని వాలే అయినా సామానుతో గంటల తరబడి ఆగకుండా ఎక్కుతుంటే ప్రాణం విసుగెత్తుతుంది. త్రువావియెర్జ్ అసలే 400 మీటర్ల పైన ఉంది. అక్కడి నుంచి బయలుదేరితే దారిలో ఉన్న ఒకే ఒక్క గట్టి ఎగుడు, గబ్బిలాల కోసం మూసేసిన పాత సొరంగం మీదుగా వెళ్ళే చుట్టుదారి, కాళ్ళలో సత్తువ ఉన్నప్పుడే అయిపోతుంది. చివరి రోజు మోన్‌షావ్ నుంచి ఆఖెన్‌కు చాలావరకు దిగుడే. త్రువావియెర్జ్‌కు బెల్జియంలోని లియేజ్ మీదుగా గానీ లక్సెంబర్గ్ నగరం నుంచి గానీ రైలుంది. లక్సెంబర్గ్ దేశంలో 2020 నుంచి రెండో తరగతి రైలు ప్రయాణం ఎవరికైనా ఉచితం, సైకిలుకూ డబ్బు అడగరు. జర్మనీలో అలా కాదు. నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్‌లో సైకిల్ కలవదు. చాలాచోట్ల దానికి వేరే టికెట్ తీసుకోవాలి.

మూడు రోజులుగా పంచుకుంటే హాయిగా సాగుతుంది. మొదటిరోజు ఊర్ లోయ వెంట, బుర్గ్-రాయ్‌లాండ్ కోట శిథిలాల పక్కగా సాంక్ట్ ఫీట్ దాకా. ఈ ఊరు 1944 డిసెంబరు బాంబు దాడుల్లో దాదాపు పూర్తిగా నేలమట్టమైంది; పాత కాలానిదంటూ మిగిలినవాటిలో ముఖ్యమైనది బ్యూఖెల్ బురుజు. రెండోరోజు సూర్‌బ్రోట్ మీదుగా మోన్‌షావ్. ఇక్కడ అడవి కాస్త పలచబడి హోహెస్ ఫెన్ అనే బురద బీడు మొదలవుతుంది. ఏడాదికి దాదాపు 1400 మిల్లీమీటర్ల వాన పడే చోటిది. హైదరాబాద్ వర్షపాతం దీనికి దరిదాపుల్లో ఉండదు, పైగా ఇక్కడి వానకు కాలమంటూ లేదు. జూలైలో కూడా వానకోటు సంచి అడుగున పెట్టకండి. మోన్‌షావ్‌లో ఒక చిక్కు ఉంది. రైలు కట్ట ఊరికి బాగా పైన పోతుంది. చెక్క చట్రాల పాత ఇళ్ళున్న ఊరు రూర్ నది ఒడ్డున కింద ఉంది. దిగితే మర్నాడు పొద్దున్నే నిటారుగా ఎక్కాలి. అయినా దిగండి. ఒకప్పుడు ఉన్నివస్త్రాలతో బతికిన ఊరు అది, నది గలగలలు కిటికీ కిందే వినిపిస్తాయి.

ఫెన్‌బాన్‌లో లోటు లేదా అంటే ఉంది. రైలు కట్ట అడవిని కోసుకుంటూ పోతుంది, అడవిలో తిరగదు. కోతల్లో వెళ్ళేటప్పుడు రెండు వైపులా గట్లే కనిపిస్తాయి. పైగా ఇక్కడి స్ప్రూస్ (సూది ఆకుల చెట్టు) తోపులు చాలావరకు 19వ శతాబ్దంలో ప్రష్యా ప్రభుత్వం బీడు భూముల్లో వరసలు కట్టి నాటించినవి. 2018 తర్వాతి ఎండు సంవత్సరాల్లో బెరడు పురుగు వీటిని విపరీతంగా తినేసింది. ఈ ప్రాంతంలో నరికేసిన మొద్దుల మైదానాలు కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. దట్టమైన, సహజమైన అడవే కావాలనుకునేవారికి ఈ దారి పూర్తి తృప్తినివ్వదు.

వారికి రూర్ తీరం. ముందే ఒక మాట: పరిశ్రమలకు పేరుపడ్డ రూర్ నది వేరు, ఇది వేరు. హోహెస్ ఫెన్‌లో పుట్టి, మోన్‌షావ్ మీదుగా, రూర్‌జే జలాశయం దాటి, డ్యూరెన్, యూలిఖ్ పక్కగా నెదర్లాండ్స్‌లోని రూర్‌మోండ్ దగ్గర మాస్ నదిలో కలుస్తుంది. దారి పొడవు దాదాపు 180 కిలోమీటర్లు. అడవి పరంగా చూస్తే ఈ మూడింటిలో మొదటి స్థానం దీని పై భాగానిదే. 2004లో ఏర్పడ్డ ఐఫెల్ జాతీయ ఉద్యానం సుమారు 110 చదరపు కిలోమీటర్లు. జలాశయం చుట్టూ ఉన్నది ఆ అడవే. ఇక్కడ స్ప్రూస్ తోపుల స్థానంలో బీచ్ అనే వెడల్పు ఆకుల చెట్లు మళ్ళీ తమ చోటు తీసుకుంటున్నాయి, అడవి పిల్లులు ఇంకా మిగిలి ఉన్నాయి. ఏప్రిల్‌లో మోన్‌షావ్ చుట్టుపక్కల వాగుల పచ్చికల్లో అడవి డాఫొడిల్ పూలు పసుపు ఆరబోసినట్టు పరుచుకుంటాయి. ఆ పూల కోసమైనా ఒక వసంతం ఇటు రావాలి.

అయితే మోన్‌షావ్ నుంచి ఐన్‌రూర్ వైపు దారి చాలాచోట్ల కంకర బాటే. నది వెంట వెళ్ళే దారి కదా, నీళ్ళలాగే దిగుతూ పోతుందని అనుకోవద్దు. నదికి ఒడ్డు లేని చోట బాట గట్టు మీదికి ఎక్కి మళ్ళీ దిగుతుంది. వాన పడ్డ మర్నాడు ఆ కంకర మీద బరువున్న సైకిల్ వెనుక చక్రం జారుతుంది, ఎక్కేటప్పుడు కాస్త ముందుకు వంగితే మరీ జారుతుంది. సన్నటి టైర్లతో రావద్దు. కొన్ని చోట్ల ఊరి రోడ్ల మీద కార్లతో కలిసి వెళ్ళాలి కూడా. డ్యూరెన్ దాటాక అడవి అయిపోతుంది. అక్కడి నుంచి పొలాలూ, సమతల నేలా. అందుకే నా సలహా, మొత్తం దారి పట్టుకోకుండా మోన్‌షావ్ నుంచి హైమ్‌బాఖ్ దాకా తొక్కి ఆపేయండి. హైమ్‌బాఖ్‌లో 1905 నాటి జలవిద్యుత్ కేంద్రం ఉంది. బయటి నుంచి చూస్తే నాటకశాల అనుకుంటారు. అక్కడి నుంచి డ్యూరెన్‌కు చిన్న రైలుంది. ఫెన్‌బాన్ రెండోరోజు మోన్‌షావ్‌లో ఆగినవారు, ఒంట్లో ఓపిక ఉంటే, మూడోరోజు ఆఖెన్ వైపు వెళ్ళకుండా ఇటు తిరగవచ్చు. సైకిల్ బాగా అలవాటున్నవారికి ఈ మూడు దారుల్లోంచి తయారయ్యే మేలైన యాత్ర అదే అని నా నమ్మకం.

ఒక హెచ్చరిక. ఈ అడవుల్లో ఇష్టం వచ్చిన చోట గుడారం వేయడం చట్టరీత్యా కుదరదు, జాతీయ ఉద్యానంలో గుర్తు పెట్టిన బాటలు వదలకూడదు. బస ముందే చూసుకోవాలి. ఆదివారం జర్మనీ ఊళ్ళలో కిరాణా దుకాణాలు మూసి ఉంటాయి. శనివారమే రొట్టె, పండ్లు కొనుక్కోండి.

మార్–మోజెల్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఎందుకంటే అది సులువైన దారి, దాని గొప్పతనం ఆ సులువులోనే ఉంది. 58 కిలోమీటర్లు, ఇదీ పాత రైలు కట్టే, తారు దారి. అగ్నిపర్వతాలు పేలి ఏర్పడ్డ మార్ అనే గుండ్రటి చెరువుల ప్రాంతంలో డౌన్ దగ్గర మొదలై, ద్రాక్ష తోటల మధ్య బెర్న్‌కాస్టెల్-కూస్‌లో ముగుస్తుంది. మొదట షాల్కెన్‌మేరెన్ వైపు కొంచెం ఎక్కాలి, అక్కడే 560 మీటర్ల సొరంగం ఉంది. ఎండలో చెమట పట్టి లోపలికి పోగానే చలి గాలి మెడకు కొడుతుంది. పిల్లలుంటే ముందే చొక్కా వేయండి. ఆ తర్వాత విట్లిఖ్ దాకా, అక్కడి నుంచి మోజెల్ దాకా ప్రధానంగా దిగుడే. అడవి మొదటి సగంలోనే ఉంటుంది. రెండు మూడు రోజుల యాత్రకు ఇది చిన్నది. కానీ పదేళ్ళ పిల్లలతో, లేదా ఇండియా నుంచి చూడటానికి వచ్చిన అమ్మానాన్నలను ఎలక్ట్రిక్ సైకిల్ ఎక్కించి వెళ్ళాలనుకుంటే మిగతా రెండింటి వైపు చూడకండి, ఇదే మేలు. వెనక్కి ఎక్కుతూ రానక్కర్లేదు. వేసవి కాలమంతా సైకిళ్ళ ట్రైలర్ తగిలించుకున్న బస్సు బెర్న్‌కాస్టెల్ నుంచి డౌన్‌కు నడుస్తుంది. శని ఆదివారాల్లో ట్రైలర్ త్వరగా నిండుతుంది కాబట్టి సైకిలుకు చోటు ముందే రిజర్వు చేసుకోండి.