సొంత సర్వరా, కొన్న వీపీఎనా: ఏది మేలు?

వీపీఎన్ అంటే మన ఇంటర్నెట్ ట్రాఫిక్‌ని తాళం వేసిన దారిలో (దీన్నే టన్నెల్ అంటారు) ఇంకో కంప్యూటర్ దాకా పంపి, అక్కడి నుంచి బయటికి వదిలే ఏర్పాటు. దాన్ని డబ్బు కట్టి కొనుక్కోవాలా, చిన్న సర్వర్ (ఎప్పుడూ నెట్‌లో ఉండే కంప్యూటర్) ఒకటి అద్దెకు తీసుకుని మనమే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోగ్రామ్ పెట్టుకోవాలా? తిరుపతిలో నన్ను ఈ మాట అడిగేవాళ్లలో ఎక్కువమంది పీజీ హాస్టళ్ల పిల్లలు. అంతస్తుకో రౌటర్, దాని పాస్‌వర్డ్ మెట్ల దగ్గర గోడకు అతికించిన కాగితం మీద. మిగతావాళ్లు బెంగళూరు, చెన్నై కంపెనీలకు ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, లేదంటే లాడ్జీల్లో దిగే మెడికల్ రెప్‌లు. అందరికీ ఒకే జవాబు సరిపోదు గానీ, నా మొగ్గు మాత్రం సొంత సర్వర్ వైపే. ఎందుకో చెబుతాను.

ముందు ఒక భయం తీసి పక్కన పెడదాం. ఇప్పుడు దాదాపు ప్రతి సైటూ హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తోంది, అంటే మీకూ సైటుకీ మధ్య వెళ్లేది తాళం వేసే వెళుతుంది. లాడ్జి వైఫైలో బ్యాంకు సైటు తెరిస్తే మీ పాస్‌వర్డ్ రౌటర్ యజమానికి కనిపించదు. మీరు ఏ సైటుకి వెళ్లారన్నది మాత్రం కనిపిస్తుంది: సైటు పేరుకి అడ్రసు చెప్పే డీఎన్‌ఎస్‌ని అడిగినప్పుడు ఒకసారి, కనెక్షన్ మొదలయ్యేటప్పుడు ఇంకోసారి. టన్నెల్ దాచేది ఈ పేర్లనే. అయితే హాస్టల్ ఓనరుకి, కేబుల్ నెట్ ఆయనకి కనపడకుండా పోయిన ఆ పేర్లన్నీ టన్నెల్ అవతలి కొసన ఉన్నవాడి కంట పడతాయి. అందుకే స్పీడ్, ధర, దేశాల లిస్టు అన్నిటికంటే ముందు నేను చూసేది అవతలి కొసన ఎవరున్నారన్నది.

కొన్న వీపీఎన్‌లో అవతల ఉండేది కంపెనీ. ‘మేం లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం వాడారన్న రికార్డులు) ఉంచం’ అని ప్రతివాళ్లూ రాసుకుంటారు. ఆ మాట నిలబడేదో కాదో పోలీసులు తలుపు తట్టినప్పుడు గానీ తేలదు. 2017లో అమెరికాలో ఒక కేసు వచ్చింది. లాగ్‌లు ఉంచమని ప్రచారం చేసుకున్న ప్యూర్‌వీపీఎన్ దగ్గరి రికార్డులు ఎఫ్‌బీఐ దర్యాప్తుకు పనికొచ్చాయని కోర్టు పత్రాల్లో బయటపడింది. 2023 ఏప్రిల్‌లో స్వీడన్ పోలీసులు సోదా వారంటుతో మల్వాడ్ అనే వీపీఎన్ కంపెనీ ఆఫీసుకు వెళ్లి, కస్టమర్ల డేటా ఏదీ దొరక్క ఉత్త చేతులతో తిరిగి వెళ్లారు. కొనాలనుకుంటే ఇలా పరీక్షకు నిలిచినదాన్నే కొనండి. మల్వాడ్ నెలకు 5 యూరోలు. పేరు, ఈమెయిలు అడగదు, ఒక ఖాతా నంబరు ఇస్తుంది. మూడేళ్లకి ఒకేసారి కట్టించుకునే భారీ డిస్కౌంట్ల గోల లేదు.

మన దేశంలో ఇంకో మెలిక ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ నడిపేవాళ్లు కస్టమరు పేరు, చిరునామా, ఫోన్ నంబరు, కేటాయించిన ఐపీ (నెట్‌లో కనెక్షన్‌ని గుర్తించే నంబరు) వగైరా భద్రపరచాలి, అదీ వాడకం మానేశాక కూడా ఐదేళ్లపాటు. దాంతో ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. ఆ తర్వాత యాప్‌లో ‘ఇండియా’ అని కనిపించినా అసలు మిషను సింగపూర్‌లోనో ఇంకెక్కడో ఉండవచ్చు. వీపీఎస్‌లు, అంటే అద్దె సర్వర్లు అమ్మేవాళ్లూ, డేటా సెంటర్లూ ఇదే ఆదేశం కిందికి వస్తారని చాలామందికి తెలియదు. బెంగళూరులోనో ముంబైలోనో సర్వర్ అద్దెకు తీసుకుంటే మీ వివరాలు వాళ్ల దగ్గర ఉంటాయి. సొంత సర్వర్ పెడితే ఇక ఎవరికీ దొరకం అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పైగా సొంత సర్వర్ ఐపీ వాడేది మీరొక్కరే. కొన్న వీపీఎన్‌లో ఎందరో ఒకే ఐపీ మీద బయటికొస్తారు. గరుడసేవ రాత్రి మాడవీధుల్లో ఒక మనిషిని ఆనవాలు పట్టడం లాంటిదే అక్కడ మిమ్మల్ని పట్టడం. సొంత సర్వర్‌లో ఆ గుంపు ఉండదు. వెబ్‌సైట్లకి మీరెవరో తెలియకూడదు అంటే కొన్నదే మేలు, ఇందులో వాదన లేదు.

కానీ నన్ను అడిగేవాళ్లలో ఆ అవసరం ఉన్నవాళ్లు దాదాపు లేరు. జీమెయిల్‌లో లాగిన్ అయి కూర్చుని గూగుల్‌కి కనపడకుండా ఏం దాక్కుంటాం? వాళ్లకి కావలసిందల్లా హాస్టల్ ఓనరు, లాడ్జి రౌటరు, కాలనీ నెట్ ఆపరేటరు చూడకుండా ఉండటం. దానికి సొంత సర్వర్ చాలు. అవతల ఏం మిగులుతోందో మన కళ్లతో మనమే చూసుకోవచ్చు. సర్వర్‌లో ‘డబ్ల్యూజీ షో’ అని కొడితే చివరి హ్యాండ్‌షేక్ (ఫోనూ సర్వరూ ఒకదాన్నొకటి గుర్తుపట్టడం) ఎప్పుడు జరిగింది, ఎంత డేటా అటూ ఇటూ వెళ్లింది, ఫోన్ ఏ ఐపీ నుంచి వచ్చింది, అంతే కనిపిస్తుంది. ఏ సైటు చూశామన్నది వైర్‌గార్డ్ రాసిపెట్టదు. సర్వర్ అద్దెకిచ్చినవాడు పనిగట్టుకుని చూస్తే బయటికి పోయే ట్రాఫిక్ చూడగలడు, కాదనను. లాగ్‌లు ఉంచమని ప్రమాణం చేసే కొత్త యాప్ కంటే అతని మీదే నాకు గురి.

పెట్టుకోవడం పెద్ద పనేం కాదు. 2020లో సర్వర్లలో నడిచే లినక్స్ గుండెకాయ, అంటే 5.6 కెర్నల్‌లోనే వైర్‌గార్డ్ చేరిపోయింది. నెలకు నాలుగైదు డాలర్ల సర్వర్ ఒక కుటుంబానికి ధారాళంగా సరిపోతుంది. ఒక్కో పరికరానికి ఒక కీల జత (తాళంచెవుల్లాంటి పొడుగాటి అక్షరాల వరసలు), చిన్న ఫైలు, ఫోన్‌కైతే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు. తేడా కొట్టేది ఒక్క చోట. జియో హాట్‌స్పాట్‌కి కలిపిన లినక్స్ లాప్‌టాప్ ఎవరైనా తెస్తే నేను ముందు ఆ ఫైలులో, ఏ అడ్రసులకి వెళ్లేది టన్నెల్‌లోకి పోవాలో చెప్పే ‘అలౌడ్ ఐపీస్’ లైన్ చూస్తాను. అక్కడ 0.0.0.0/0 ఒక్కటే ఉంటే పాత తరహా అడ్రసులు, అంటే ఐపీవీ4 మాత్రమే టన్నెల్‌లోకి వెళుతుంది. జియోలో కొత్త తరహా ఐపీవీ6 నిక్షేపంగా పనిచేస్తుంది కాబట్టి గూగుల్, యూట్యూబ్ లాంటివి టన్నెల్ పక్క నుంచి నేరుగా వెళ్లిపోతుంటాయి. కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. పక్కన ::/0 చేర్చి, టన్నెల్‌కి ఒక ఐపీవీ6 అడ్రసు ఇవ్వాలి. ‘డీఎన్‌ఎస్’ లైన్ కూడా మరవకూడదు. అది లేకపోతే సైట్ల పేర్లు మళ్లీ హాస్టల్ రౌటర్‌నే అడుగుతుంది, ఇంత తంటా ఎందుకు పడ్డట్టు? ఆండ్రాయిడ్‌లో అయితే ‘ఆల్వేస్ ఆన్ వీపీఎన్’తో పాటు, వీపీఎన్ లేనప్పుడు కనెక్షన్లు ఆపేసే స్విచ్ కూడా ఆన్ చేయండి.

సర్వర్ ఎక్కడ? సముద్రం కింది కేబుళ్లు చెన్నై నుంచి సింగపూర్‌కి ఉన్నాయి కాబట్టి మనకి సింగపూర్ మరీ దూరం అనిపించదు, వీడియో కాల్స్‌కి కూడా పనికొస్తుంది. కానీ విదేశీ ఐపీ నుంచి చాలా ప్రభుత్వ సైట్లు తెరుచుకోవు, బ్యాంకు యాప్‌లు సతాయిస్తాయి. ఇవి రోజూ వాడేవాళ్లకి బెంగళూరు సర్వరే హాయి. ఎక్కడ పెట్టినా అది డేటా సెంటర్ ఐపీనే, అప్పుడప్పుడు ‘మీరు రోబో కాదని నిరూపించండి’ తప్పదు.

వైర్‌గార్డ్‌కి ఉన్న అసలు లోటు, అది యూడీపీ అనే డేటా పంపే పద్ధతి మీదే నడుస్తుంది. కొన్ని కాలేజీ నెట్‌వర్కులు యూడీపీని మూసేస్తాయి. అక్కడ ఓపెన్‌వీపీఎన్ అనే ఇంకో ప్రోగ్రామ్‌ని, మామూలు వెబ్‌సైట్లు వాడే టీసీపీ 443 పోర్టు మీద పెడితే సాధారణంగా వెళుతుంది, కాస్త నెమ్మదిగా. కాలేజీ రూల్స్ ఏమంటున్నాయో ముందు చదువుకోండి. కంపెనీ లాప్‌టాప్‌లో మాత్రం అసలు పెట్టకండి, ఐటీ వాళ్ల నుంచి ఫోన్ వస్తుంది.

సర్వర్ ఎలాగూ ఉంది కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) ద్వారా నడిచే సాక్స్ ప్రాక్సీ కూడా చేతిలో ఉన్నట్టే. ఒక్క బ్రౌజర్ కోసమైతే అది చాలు. ఫైర్‌ఫాక్స్‌లో డీఎన్‌ఎస్‌ని కూడా ప్రాక్సీ మీదే పంపే టిక్ ఉందో లేదో చూసుకోవాలి, అంతే. ఇంటి రౌటర్‌లోనే వైర్‌గార్డ్ పెడదామంటే చాలా కనెక్షన్లలో పబ్లిక్ ఐపీ ఇవ్వరు, బయటి నుంచి ఇంటికి దారే ఉండదు. మనిషి జాడ దాచే టోర్ నెట్‌వర్క్ నిజంగా ప్రాణం మీదికొచ్చే పనులు చేసేవాళ్లకి. మూడు మజిలీలు దాటి వెళుతుంది కాబట్టి రోజువారీ బ్రౌజింగ్‌కి విసుగొస్తుంది. ఊరూ పేరూ లేని ఫ్రీ వీపీఎన్‌ల గురించి రెండు మాటలు కూడా దండగ. పేరున్న ఫేస్‌బుక్ కూడా ఒనావో అనే వీపీఎన్‌ని ఫ్రీగానే ఇచ్చింది, జనం ఏ యాప్‌లు వాడుతున్నారో చూసుకోవడానికి.

సర్వర్‌కి అప్‌డేట్లు ఆటోమేటిక్‌గా పడేలా పెట్టి, పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి, కీతోనే లోపలికి వెళ్లే ఓపిక ఉంటేనే సొంతది పెట్టుకోండి. అంత ఓపిక లేనివాళ్లు ఆ 5 యూరోలు కట్టేయడమే నయం. ఇక 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే పూట వీపీఎన్ ఆన్ చేస్తే ముందు దొరుకుతాయా అని కూడా అడుగుతుంటారు. దొరకవు. టన్నెల్ వల్ల దారి ఇంకాస్త పొడవే అవుతుంది, మధ్యలో తెగితే మళ్లీ మొదటి నుంచి లాగిన్ అవ్వాలి. ఆ పూటకి ఆఫ్ చేసుకోండి.