చాట్స్‌వర్త్‌కు మల్లితో: తోటలో తోడుగా, ఇంట్లోకి వంతులవారీగా

ఇంగ్లండ్‌లోని డెర్బిషైర్‌లో, డెర్వెంట్ నది ఒడ్డున ఉన్న డెవన్‌షైర్ డ్యూకుల పాత భవనం చాట్స్‌వర్త్ హౌస్‌కు మేము గత మే నెలలో కడప నుంచి వచ్చిన మా అమ్మను, మా ఐదేళ్ల లాబ్రడార్ మల్లిని తీసుకుని వెళ్లాము. షెఫీల్డ్‌లో ఉండే మాకు అది కారులో గంటలోపు ప్రయాణం. ఇక్కడి తెలుగు కుటుంబాలలో కుక్కను పెంచుకునేవారు చాలామందే ఉన్నారు. వారు సెలవు రోజున పాత భవనాలు చూడాలనుకున్నప్పుడు, కుక్కను ఎవరికి అప్పగించి రావాలన్న ప్రశ్న దగ్గరే ఆగిపోవడం నేను చూశాను. వారిని దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ముందుగా నియమం చెప్పాలి. తోటలోకి, చుట్టూ ఉన్న పార్కులోకి కుక్కను పొట్టి లీష్‌తో తీసుకువెళ్లవచ్చు. ఇంటి లోపలికి మాత్రం సహాయక శునకాలకు తప్ప వేరే కుక్కలకు ప్రవేశం లేదు. పిల్లల కోసం ఏర్పాటు చేసిన ఫామ్‌యార్డులోకి కూడా తీసుకుపోకూడదు. ఈ నియమాన్ని అమ్మకు వివరించవలసిన అవసరమే రాలేదు. మా కడప ఇంట్లో కుక్క వసారా వరకే వస్తుంది, గడప దాటదు. మూడు వందల ఏళ్లనాటి గోడచిత్రాలు, పట్టుతెరలు ఉన్న ఇంట్లో ఆ మాత్రం కట్టడి ఉండడం ఆమెకు సహజంగానే తోచింది. నాకూ ఇది న్యాయంగానే కనిపించింది. ఇంతకుముందు మేము వెళ్లిన మరో పాత భవనంలో, కుక్కలను ఎక్కడివరకు రానిస్తారో ఎక్కడా రాసిపెట్టకపోవడం వల్ల గేటు దగ్గర నుంచే వెనక్కి తిరగవలసి వచ్చింది. నియమం కఠినంగా ఉన్నా ముందే స్పష్టంగా తెలిస్తే దానికి తగినట్టు రోజును అమర్చుకోవచ్చు.

మేము అలాగే అమర్చుకున్నాము. మొదట నేను, అమ్మ ఇల్లు చూస్తుండగా మా వారు మల్లితో తోటలో ఉన్నారు. మేము బయటికి వచ్చాక ఆయన వెళ్లారు. మొదటి డ్యూక్ 1687లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ల పాటు తిరగ్గట్టించిన ఇల్లు ఇది. జూలియస్ సీజర్ జీవిత ఘట్టాలతో నిండిన పెయింటెడ్ హాల్ పైకప్పును తలెత్తి చూడడానికే కొంత సమయం పడుతుంది. ఒక తలుపు మీద వయోలిన్ వేలాడుతున్నట్టు వేసిన చిత్రం ఉంది. అది బొమ్మేనని చెప్పినా అమ్మ రెండు అడుగులు ముందుకు వేసి చూసేదాకా నమ్మలేదు. మోంటీ చెక్కిన కన్య విగ్రహం ముందు ఆమె ఇంకా ఎక్కువసేపు నిలబడింది, పాలరాతిలో ముఖం మీది పల్చటి మేలిముసుగు ఎలా వచ్చిందో అర్థం కాక. బయట ఒకరు ఎదురుచూస్తున్నారన్న తొందర లేకుండా చూడాలంటే తలా రెండు గంటలు కేటాయించుకోవాలి. ఒంటరిగా కుక్కతో వెళ్లేవారు తోట వరకే టికెట్ తీసుకోవడం మంచిది. కుక్కను కారులో వదిలి ఇల్లు చూసి వద్దామన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాకూడదు. చల్లగా అనిపించే రోజున కూడా ఎండ తగిలితే మూసిన కారు లోపల వేడి ప్రాణాంతకమవుతుంది.

నా దృష్టిలో ఇక్కడ అసలు చూడవలసినది తోటే. 105 ఎకరాల ఆ తోటలో కుక్కతో నడవడం ఇల్లు చూడలేకపోయినందుకు ఊరట కాదు, దానికదే ఒక రోజుకు సరిపోయే పని. కొండవాలు మీద రాతిమెట్ల మీదుగా నీరు జారేలా పదిహేడో శతాబ్దం చివర్లో కట్టిన కాస్కేడ్ పేరు అందరూ వినే ఉంటారు. మరమ్మతుల కోసం దాని నీటిని ఆపిన సంవత్సరాలు ఉన్నాయి కాబట్టి అది చూడడానికే వెళ్లేవారు ముందుగా కనుక్కోవాలి. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఎంపరర్ ఫౌంటెన్. రష్యా చక్రవర్తి నికొలస్ వస్తాడని 1844లో తోట అధికారి జోసెఫ్ పాక్స్‌టన్ దీన్ని కట్టించాడు. చక్రవర్తి రానేలేదు, ఫౌంటెన్ మిగిలింది. పంపు ఏదీ లేకుండా, కొండపైన తవ్విన చెరువు నుంచి గొట్టంలో కిందికి దూకే నీటి ఒత్తిడితోనే ధార లేస్తుంది. అది దాదాపు 90 మీటర్లు లేచిన సందర్భం కూడా ఉంది. గాలి తిరిగినప్పుడు తుంపర దారి మీద పడుతుంది. ఆ హోరుకు మల్లి మొదట వెనక్కి తగ్గింది, తరువాత నీటి వాసన పట్టి కొలను వైపు నన్ను లాక్కుపోయింది. నీళ్లంటే ప్రాణం పెట్టే కుక్క ఉన్నవారు అక్కడ లీష్‌ను రెండు చేతులతో పట్టుకోవాలి.

1826లో, ఇరవై రెండేళ్ల వయసులో, ఆరవ డ్యూక్ దగ్గర పనిలో చేరిన పాక్స్‌టనే తరువాత లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు ప్రదర్శనశాలకు రూపకర్త అయ్యాడు. చాట్స్‌వర్త్‌లో అతను కట్టిన మహా గాజుభవనాన్ని 1920లో కూల్చివేశారు. ఆ పునాదుల మధ్య ఇప్పుడు యూ చెట్ల కంచెలతో చిక్కుదారి ఉంది. అంహెర్‌స్టియా అనే ఎర్రపూల చెట్టును తెప్పించడానికి ఈ తోట నుంచే 1835లో జాన్ గిబ్సన్ అనే యువకుణ్ణి కలకత్తాకు పంపారు. అమ్మను కదిలించిన సంగతి మాత్రం వేరే. ఇక్కడి గాజుగదిలో పాక్స్‌టన్ పండించిన అరటి రకానికి డ్యూక్ ఇంటిపేరుతో కావెండిష్ అని పేరు పెట్టారు. పులివెందుల వైపు మా మామయ్య వేసే జీ-నైన్ అరటి ఆ జాతిదే. అది విన్నాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు, తరువాత ఫోన్ తీసి తమ్ముడికి చేసింది.

దారులలో కొన్ని నిటారుగా ఉన్నాయి. పాక్స్‌టన్ పేర్చిన రాళ్ల తోటలో మెట్లు ఎక్కువ. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవారు, వయసు మీరిన కుక్కలు కింది చదునైన పచ్చిక వైపే ఉండడం మేలు. మంచినీళ్లు, గిన్నె, సంచులు మేమే తీసుకువెళ్లాము. గుర్రపుశాల ప్రాంగణంలో ఆరుబయట కూర్చుని టీ తాగుతున్నప్పుడు మల్లి బల్ల కింద పడుకుని నిద్రపోయింది. తిరుగు ప్రయాణంలో నది ఒడ్డున పార్కులో నడిచాము. అక్కడ గొర్రెలు, జింకలు స్వేచ్ఛగా మేస్తుంటాయి. మే నెలలో పిల్లలతో ఉన్న గొర్రెలు కుక్కను చూస్తే బెదురుతాయి. అందుకే వంతెన దాటి కారు చేరేదాకా మల్లిని నా కాలికి ఆనించి నడిపించాను.