ఇంటర్ అయ్యాక ప్రొఫెషనల్‌గా మారాలా, అమెరికా కాలేజీలో ఆడాలా?

ముడసర్లోవలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ దగ్గర ఆడపిల్లల తల్లిదండ్రులు ఇద్దరు కలిస్తే చివరికి ఈ ప్రశ్నే వస్తుంది. పిల్ల బాగా ఆడుతోంది, ఇంటర్ పూర్తికావస్తోంది, ఇప్పుడేం చేయాలి? ప్రొఫెషనల్‌గా మారితే మేలనేవారు వెంటనే మన గోల్ఫర్ అదితి అశోక్ పేరు చెబుతారు. పదిహేడేళ్లకే ప్రొఫెషనల్ అయింది, టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క స్ట్రోక్ (బంతిని కొట్టే దెబ్బ, తక్కువ దెబ్బల్లో ముగించినవారే విజేత) తేడాతో పతకం చేజారింది, ఆమె ఏ కాలేజీకి ఆడిందండీ అని నిలదీస్తారు.

నిజమే. కాకపోతే వరుస గమనించాలి. 2015 డిసెంబరులో అదితి అమెచ్యూర్‌గానే, అంటే ఆటను వృత్తిగా తీసుకోకముందే, మహిళల యూరోపియన్ టూర్ అర్హత పోటీ నెగ్గింది. టూర్‌లో ఆడే హక్కునిచ్చే ఆ కార్డు చేతికొచ్చాక, 2016 జనవరి 1న ప్రొఫెషనల్ అయింది. మన దగ్గర చాలామంది ముందు ప్రొఫెషనల్ అయిపోయి, ఆ తర్వాత కార్డు కోసం తిరుగుతున్నారు.

పైగా అదితి ఇంకా ఆడుతోంది. ఆట ముగించినవారిని చూస్తే లెక్క పూర్తిగా తేలుతుంది. 1998 అమెరికా మహిళల ఓపెన్ ప్లేఆఫ్ (స్కోర్లు సమమైతే విజేతను తేల్చే అదనపు ఆట) తీసుకోండి. ఒకవైపు ఇరవై ఏళ్ల కొరియా అమ్మాయి సే రి పాక్, 1996లోనే ప్రొఫెషనల్ అయింది. ఎదురుగా జెన్నీ చువాసిరిపోర్న్, డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థిని, అమెచ్యూర్. పద్దెనిమిదో హోల్‌లో పాక్ బంతి నీటి గట్టు మీద ఆగితే, బూట్లూ మేజోళ్లూ విప్పి నీళ్లలోకి దిగి కొట్టింది. ఇరవై హోల్స్ ఆడితే గానీ ఫలితం తేలలేదు. పాక్ గెలిచింది. మొత్తం మీద అమెరికా మహిళల ప్రో టూర్ ఎల్‌పీజీఏలో 25 టైటిళ్లు, ఐదు మేజర్లు (అన్నిటికన్నా పెద్ద టోర్నీలు) సాధించి 2016లో ఆట ముగించింది. జెన్నీ డిగ్రీ పూర్తిచేసి ప్రొఫెషనల్‌గా ప్రయత్నించింది, నిలదొక్కుకోలేకపోయింది, మళ్లీ చదువుకుని నర్సు అయింది.

ఈ కథ విని పాక్ దారే మేలంటారు కొందరు. పాక్ వెనుక స్పాన్సర్‌గా శామ్‌సంగ్ కంపెనీ ఉందన్న సంగతి మాత్రం వారికి గుర్తు రాదు.

నా దృష్టిలో అసలు తేల్చేది ఇదే: చెడ్డ రౌండ్ (18 హోల్స్ ఆట) ఆడిన రోజు ఖర్చు ఎవరిది? ప్రొఫెషనల్ టోర్నీలో రెండు రౌండ్లయ్యాక కట్ పడుతుంది, అంటే వెనకబడినవారు ఇంటికి పోవాల్సిందే. దాటలేదా, సాధారణంగా చేతికి రూపాయి రాదు. విశాఖ నుంచి గురుగ్రామ్‌కో బెంగళూరుకో విమానం టికెట్టు, గోల్ఫ్ బ్యాగుకు అదనపు లగేజీ ఛార్జీ, ఎంట్రీ ఫీజు, బ్యాగు మోసే క్యాడీ కూలి, హోటల్, అన్నీ అప్పటికే అయిపోయి ఉంటాయి. వరుసగా నాలుగు కట్లు పోతే ఇంట్లో మాటల స్వరం మారుతుంది. ఆ స్వరం చెవిలో మోగుతుండగా నాలుగడుగుల దూరం నుంచి బంతిని హోల్‌లోకి నెట్టే పుట్ కొట్టడం ఎంత కష్టమో ఆడే పిల్లకే తెలుసు.

కాలేజీ గోల్ఫ్‌లో లెక్క వేరు. జట్టుకు ఐదుగురు ఆడతారు, ప్రతి రౌండులోనూ మంచి స్కోర్లు నాలుగే జట్టు ఖాతాలో పడతాయి. ఒక రౌండులో 72, 73, 75, 76, 82 వచ్చాయనుకోండి. జట్టు స్కోరు 296. ఆ 82 కొట్టిన అమ్మాయి వ్యక్తిగత స్థానం దిగజారుతుంది, కోచ్ ముఖం చిట్లిస్తాడు, అంతే. మామూలు సీజన్ టోర్నీల్లో చాలావరకు కట్ కూడా ఉండదు, మూడు రౌండ్లూ ఆడాల్సిందే. ఒక్కోసారి మొదటి రెండూ ఒకే రోజు, అంటే 36 హోల్స్. ఓడిపోతూ నేర్చుకునే వీలు ఆ వయసు పిల్లకు మరెక్కడా ఇంత చవకగా దొరకదు.

లొరెనా ఒచోవానే చూడండి. గ్వాడలహారా నుంచి అరిజోనా యూనివర్సిటీకి వచ్చి రెండేళ్లు ఆడి 12 టోర్నీలు గెలిచింది. 2002లో చదువు మధ్యలో ఆపి ప్రొఫెషనల్ అయింది, అయినా పెద్ద టూర్‌కు నేరుగా దూకలేదు. కింది స్థాయి ఫ్యూచర్స్ టూర్‌లో ఆడి, సంపాదన పట్టికలో మొదటి స్థానంతో కార్డు తెచ్చుకుంది. తర్వాత 27 టైటిళ్లు, మూడేళ్లకు పైగా ప్రపంచ నంబర్ వన్. 2010లో, 28 ఏళ్లకే, శిఖరం మీద ఉండగానే విరమించింది. అనికా సోరెన్‌స్టామ్‌ది కూడా అరిజోనాయే. ఎల్‌పీజీఏ కార్డు ఒక్క స్ట్రోక్‌తో పోతే ఏడవలేదు, యూరప్ వెళ్లి ఆడింది. చివరికి 72 టైటిళ్లు, పది మేజర్లు.

రెండూ కలిపి చేయిద్దామనే తెలివైనవారికి మిషెల్ వీ కథ చెబుతాను. పదహారు నిండకముందే, 2005లో, పెద్ద కంపెనీల ఒప్పందాలతో ప్రొఫెషనల్ అయింది. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో చేరి 2012లో డిగ్రీ పుచ్చుకుంది, 2014లో అమెరికా మహిళల ఓపెన్ కూడా గెలిచింది. కానీ స్టాన్‌ఫర్డ్ జట్టుకు ఒక్క రౌండు ఆడలేకపోయింది, అప్పటికే ప్రొఫెషనల్ కాబట్టి. పిల్ల చేత ప్రొఫెషనల్ అయ్యే కాగితం మీద సంతకం పెట్టించేముందు తల్లిదండ్రులు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు.

కాలేజీ దారిలో ఇబ్బందులు లేవని కాదు. స్కాలర్‌షిప్ పూర్తిగా రావాలని లేదు, సగమో పావో ఇచ్చి మిగతాది కట్టుకోమంటారు. ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలమంతా కోర్సు మంచు కింద ఉంటుంది. సాగర తీరపు ఉక్కలో పెరిగిన పిల్ల అక్కడ నెలల తరబడి నాలుగు గోడల మధ్య నెట్‌లోకి బంతులు కొట్టాలి. కోచ్‌లకు పదకొండో తరగతి నుంచే స్కోర్లు, వీడియోలు పంపుతూ ఉండాలి. ఇంటర్ ఫలితాలు వచ్చాక మొదలుపెడితే మంచి జట్లలో చోటు దొరకడం కష్టం.

తొందరగా ప్రొఫెషనల్ కావాలనేవారు ముందు 2006 నుంచి నడుస్తున్న మన మహిళల ప్రో టూర్‌లోనే అమెచ్యూర్‌గా ఆడించి చూడవచ్చు. ప్రైజ్ మనీ రాదు, కాలేజీ తలుపూ మూసుకోదు. ప్రొఫెషనల్స్ మధ్య పిల్ల ఎక్కడ నిలుస్తుందో ఒక సీజన్‌లో తేలిపోతుంది.

ఇక ఆటను సరదాకు వదిలి ఇంజనీరింగ్ చేయించడమా, అది గోల్ఫ్ ప్రశ్న కాదు. కోచ్ కావాలనుకుంటే నేషనల్ గోల్ఫ్ అకాడమీ శిక్షణ ఉంది, ఇరవై అయిదేళ్లకు చేరినా ఆలస్యం కాదు.