గండికోట నుంచి అహోబిలం దాకా నాలుగు రోజుల నడక

గండికోటకు వెళ్ళడం నాకు ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ చాలామంది వెళ్ళినట్టే వెళ్ళాను. పొద్దున్నే కారు దిగి, లోయ అంచున బండల మీద ఫొటోలు తీసుకుని, మధ్యాహ్నానికి బేలం గుహలు చూసి, రాత్రికి ఇల్లు చేరడం. రెండుసార్లూ ఏదో చూడకుండానే వచ్చేశానన్న వెలితి ఉండిపోయింది. అందుకే మొన్న డిసెంబరులో నాలుగు రోజులు పెట్టుకుని నేను, మా బావ, పదో తరగతి చదివే మా అమ్మాయి ముగ్గురం నడవడానికే బయల్దేరాం. పెన్న లోయలో రెండు రోజులు, దారిలో బేలం, చివర అహోబిలం దగ్గర భవనాశి వాగు పారే కోన. కారు తీసుకోలేదు. రైల్లో ముద్దనూరులో దిగి, అక్కడి నుంచి జమ్మలమడుగు, గండికోట బస్సులోనూ ఆటోలోనూ చేరుకున్నాం. జమ్మలమడుగు నుంచి కోట సుమారు 15 కిలోమీటర్లు. బస్సులు తక్కువ, అందుకని ఆటో మాట్లాడుకోవడమే మేలు. డబ్బులు కూడా జమ్మలమడుగులోనే తీసి పెట్టుకోండి, పైన ఫోన్ సిగ్నల్ ఒక్కోసారి ఉండదు.

ముందు బస గురించి చెప్పాలి, ఎందుకంటే మొదటి రాత్రి అక్కడే దెబ్బతిన్నాం. లోయకు దగ్గరలో ఉన్న ఒక టెంట్ల క్యాంపులో బుక్ చేసుకున్నాం. టెంట్లు బాగానే ఉన్నాయి, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. కానీ రాత్రి ఒంటిగంట దాకా స్పీకర్లలో పాటలు. అంతమందికి ఉన్నవి రెండే మరుగుదొడ్లు, తెల్లవారేసరికి వాటిలో నీళ్ళు లేవు. ఆడపిల్లను తీసుకెళ్ళేవాళ్ళు ఈ ఒక్క విషయం ముందుగా ఫోన్ చేసి అడిగి తీరాలి. రెండో రాత్రి కోట లోపలి ఊళ్ళోనే ఒక ఇంటివాళ్ళు మేడ మీద గది ఇచ్చారు. ఆ ఇంటి అక్క పొద్దున్నే జొన్నరొట్టె, శెనిక్కాయల పచ్చడి పెట్టి, "పాప ఏం తినలేదన్నా, ఇంకో రొట్టె పెట్టనా" అని మూడుసార్లు అడిగింది. మేం ఇచ్చిన డబ్బు టెంటుకు కట్టినదాంట్లో సగం. ఇంకొంచెం సౌకర్యం కావాలనుకునేవాళ్ళకు రాష్ట్ర టూరిజం వాళ్ళ హరిత హోటల్ ఉంది. శని, ఆదివారాల్లో వెళ్ళేట్టయితే మాత్రం ఏ బస అయినా ముందే మాట్లాడుకోండి.

ఇక లోయ. గండి అన్న మాటలోనే అంతా ఉంది. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన గండి అది, ఆ గండి మీద కట్టిన కోట గండికోట. ఎర్రటి గట్టి రాయి అడ్డంగా, నిలువుగా పగిలి, ఎవరో దిమ్మెలు పేర్చి గోడ కట్టినట్టు ఉంటుంది. అంచు నుంచి చూస్తే నది దారంలా కనిపిస్తుంది. ఫొటోలన్నీ అక్కడి నుంచి తీసినవే. కానీ నది దగ్గరికి దిగితే ఆ గోడ మన మీదికి లేస్తుంది. నేను రెండుసార్లు వచ్చి చూడకుండా పోయింది ఇదే.

ఊళ్ళో ఒక కుర్రాణ్ణి దారి చూపడానికి పిలుచుకున్నాం. డిగ్రీ చదువుతూ సెలవుల్లో ఈ పని చేస్తున్నాడు. దారి అనడానికి అక్కడ దారి లేదు. పెద్ద పెద్ద గుండ్ల మధ్య, ముళ్ళ చెట్ల పక్కనుంచి, చేతులు ఆనించుకుంటూ దిగాలి. తెలియనివాళ్ళు సొంతంగా ప్రయత్నించకండి. దిగడానికి మాకు గంట పట్టింది, ఎక్కడానికి గంటన్నర. మధ్యలో ఒకచోట మా అమ్మాయి కాలు జారి కూర్చుండిపోయింది. "చేతిలో ఫోను పెట్టుకోవద్దు పాపా, రెండు చేతులూ రాయికే" అన్నాడా అబ్బాయి. ఆ మాట నేనే ముందు చెప్పి ఉండాల్సింది.

కిందికి వెళ్ళాక ముగ్గురం చాలాసేపు మాట్లాడుకోలేదు. నీళ్ళు ఆకుపచ్చగా, దాదాపు కదలకుండా ఉన్నాయి. పైన అంత గాలి ఉంటే కింద చినుకు పడ్డా వినిపించేంత నిశ్శబ్దం. పావురాలు రాతి సందుల్లోంచి లేచినప్పుడు ఆ రెక్కల చప్పుడు అవతలి గోడకు తగిలి మళ్ళీ మనకే వస్తుంది. ఒడ్డు బండల మీద మాత్రం బీరు సీసాల పెంకులు, చిప్స్ కవర్లు. బావ ఒక సంచి నిండా ఏరి పైకి మోసుకొచ్చాడు. అంత కష్టపడి దిగినవాళ్ళు ఖాళీ కవరు జేబులో పెట్టుకోలేకపోవడం చూస్తే నిజంగా బాధేసింది.

అంచు దగ్గర ఇంకో మాట. మేం కూర్చున్న బండల చుట్టూ కంచె లాంటిదేమీ లేదు. సెల్ఫీ కోసం ఒకాయన చంటిపిల్లను ఎత్తుకుని చివరి రాయి మీదికి వెళ్ళాడు. మాకు ప్రాణం పోయినంత టెన్షన్. పిల్లల్ని తీసుకెళితే కనీసం పది అడుగులు వెనకే ఉండండి, లోయ అక్కడి నుంచి కూడా బాగానే కనిపిస్తుంది.

కోట లోపల అంతా సగం రోజులో చూసేయొచ్చంటారు. నేను ఒప్పుకోను. మాధవరాయస్వామి గుడి గోపురం, జామియా మసీదు, పక్కనే కోనేరు, ధాన్యాగారం, లోయ వైపు శిథిలమైన రంగనాథస్వామి గుడి, ఇవన్నీ నడుచుకుంటూ చూస్తే పూట గడిచిందే తెలియదు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి వచ్చింది ఈ కోటకే. మూడు వైపులా కొండలు, ఒక వైపు ఈ గండి. లోయ దిగి ఎక్కిన కాళ్ళతో గోడల పక్కన నడుస్తుంటే ఇక్కడే కోట ఎందుకు కట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు. సాయంత్రం ఐదు తర్వాత రంగనాథస్వామి గుడి వైపు జనం పలచబడతారు. సూర్యాస్తమయానికి నా ఓటు అక్కడికే.

బేలం గురించి క్లుప్తంగా చెప్తాను. దారంతా నాపరాయి గనులే. రోడ్డు పక్కన పలకలు పలకలుగా పేర్చి ఉంటాయి. గుహలున్నదీ ఆ జాతి సున్నపురాయిలోనే. గండికోట రాయి నీటికి పగిలి విడిపోతే, ఇక్కడి రాయి నీటికి కరిగి గుహ అయింది. ఒకే ప్రయాణంలో ఈ రెండూ చూడటం మా అమ్మాయికి సైన్సు పాఠం కంటే బాగా ఎక్కింది. మొత్తం గుహ పొడవు 3,229 మీటర్లు, అందులో దాదాపు కిలోమీటరున్నర మనం నడవొచ్చు. దీపాలు, గాలి గొట్టాలు, మెట్లు అన్నీ ఉన్నాయి, వయసు పైబడ్డవాళ్ళు కూడా నిదానంగా వెళ్ళొచ్చు. కానీ లోపల ఉక్కపోత ఎక్కువ, లోపల నీటి ధార ఉన్న పాతాళగంగ దగ్గరికి వచ్చేసరికి చొక్కా తడిసిపోతుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు ఆలోచించుకోండి. రెండు గంటలు చాలు, అక్కడ రాత్రి ఉండాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

అహోబిలం చేరేసరికి చీకటి పడింది. ఆళ్ళగడ్డ నుంచి దిగువ అహోబిలానికి బస్సులున్నాయి. దిగువన ఒక సత్రంలో గది దొరికింది. చిన్న గది, గట్టి మంచం, పొద్దున ఐదు నుంచి బక్కెట్లో వేడినీళ్ళు. చెప్పిన టైముకు చెప్పినట్టు అన్నీ జరిగాయి. నాలుగు రోజుల్లో నాకు బాగా నచ్చిన బస ఇదే.

ఎగువ అహోబిలం అక్కడికి 8 కిలోమీటర్లు. అక్కడి దాకా రోడ్డుంది, తర్వాత అంతా నడకే. స్వామి దర్శనం చేసుకుని ఏడింటికల్లా భవనాశి పక్కన బాట పట్టాం. నల్లమల కొండలు రెండు వైపుల నుంచీ దగ్గరికి జరుగుతూ వస్తాయి, మధ్యలో వాగు, వాగులో గుండ్రటి రాళ్ళు. గండికోటలో లోయను దిగి చూస్తాం, ఇక్కడ లోయ లోపల పుట్టిన బాటలోనే పైకి పోతాం. వరాహ నరసింహుడి గుహ దాటాక జ్వాలా నరసింహుడి వైపు మెట్లు నిటారుగా అవుతాయి. గుడి ముందు పైకొండ నుంచి నీళ్ళు పడుతుంటాయి. డిసెంబరులో పలచని ధారే, కానీ తల తడవకుండా దాటలేం. వానాకాలంలో వాగు పొంగితే ఈ దారి ప్రమాదం, అప్పుడు మొండికేసి వెళ్ళకండి.

నడవలేనివాళ్ళకు డోలీలున్నాయి. ఒక పెద్దావిడను నలుగురు మోసుకుంటూ మా పక్కనుంచి వెళ్ళారు. అడుగు తడబడలేదు. రేటు ముందే మాట్లాడుకోవాలి, కానీ గీచి గీచి బేరమాడకండి. ఆ మెట్లు ఖాళీ చేతులతో ఎక్కి చూస్తే ఎందుకంటున్నానో అర్థమవుతుంది. చేతిలో కర్ర తప్పనిసరి, జారుడు రాళ్ళకూ కోతులకూ రెంటికీ. అరటిపళ్ళు చేతిలో పట్టుకుని వెళ్ళిన బావ వాటిని ఐదు నిమిషాలు కూడా కాపాడుకోలేకపోయాడు.

నరసింహుడు చీల్చుకుని వచ్చాడని చెప్పే రాతి కొండ ఉగ్రస్తంభం, దాని కింద దాకా వచ్చి ఆగిపోయాం. పైకి బాట సన్నగా, నిటారుగా ఉంది. మా అమ్మాయి ఎక్కుతానంది. అప్పటికే దాని మోకాలు వణుకుతోంది, నేను వద్దన్నాను. దిగేటప్పుడు మాలోల నరసింహుడి గుడికి వెళ్ళాం. మిగతా గుళ్ళ కంటే ఇక్కడ ప్రశాంతంగా అనిపించింది, కాసేపు అరుగు మీద పడుకున్నాం కూడా.

పావన నరసింహుడి దగ్గరికి మాత్రం వెళ్ళలేకపోయాం. అడవిలో చాలా దూరం, మధ్యాహ్నం రెండింటికి బయల్దేరితే చీకటి పడేలోపు తిరిగి రాలేమని దారిలో కనిపించిన డోలీ మనిషి చెప్పాడు. ఆయన మాట విన్నాం. ఆ నడకకు ఒక రోజు మొత్తం విడిగా ఉంచుకోవాలి. వచ్చే జనవరిలో ఆ ఒక్క గుడి కోసమే వెళుతున్నాం, ఈసారి అమ్మ డోలీలో, మేం నడిచి. సత్రంలో రెండు రాత్రులకు గది ఇప్పటికే మాట్లాడి పెట్టాను.