పెంకుల గోదాము విత్తనం: పన్నెండేళ్లు వాడాక

రాజాం దగ్గర మూడు తరాలుగా ఒకే కుటుంబం నడుపుతున్న విత్తనాల కంపెనీ ఒకటుంది. పన్నెండేళ్లుగా మా నాలుగెకరాలకీ వరి విత్తనం అక్కడిదే. ఒక గొడవ కూడా చెప్పాలి కాబట్టి పేరు రాయడం లేదు.

రకాలు పుట్టించేది వీళ్లు కాదు. ఎం.టి.యు. 1001 రకం మార్టేరు వరి పరిశోధన కేంద్రానిది, శ్రీకాకుళం సన్నాలు రాగోలు పరిశోధన కేంద్రానివి. మూలవిత్తనం తెచ్చి, చుట్టుపక్కల రైతుల చేత పండించి, కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, ఏరించి, ఆరబెట్టి బస్తాలు కడతారు. 1982లో స్వర్ణ అనే వరి రకం వచ్చిన కొత్తలో వాళ్ల తాతగారు ఎడ్లబండి మీద ఊరూరా తిప్పి అమ్మారట.

నన్ను కట్టిపడేసింది మాత్రం వాళ్ల పాత గోదాము. మూరెడు మందం గోడలు, పైన పెంకులు. చూరు కింద వరసగా గాలి కన్నాలు, ఎలకలు దూరకుండా వాటికి ఇనప వల. బస్తాలు నేలకి తగలకుండా తాటి దుంగల మీద పేరుస్తారు. గోడకీ బస్తాలకీ మధ్య మనిషి పక్కవాటుగా దూరేంత సందు. మే నెలలో లోపలికెళ్తే ఒంటి మీద చెమట ఆరిపోతుంది.

మనవడి చేతికొచ్చాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు లేచింది. లారీ తిరగడానికి బాగానే ఉంటుంది. ఆ ఏడాది నాకు అందులోని బస్తాలే ఇచ్చారు. తడిగోనెలో వంద గింజలు కట్టి చూస్తే, ఐదో రోజుకి 62 మొలిచాయి. ధ్రువీకరణ విత్తనం కనీసం 80 శాతం మొలవాలి. బస్తాకి ధ్రువీకరణ గుర్తుగా కట్టే నీలం ట్యాగూ ఉంది, గడువూ ఉంది. పరీక్షకి పంపిన రోజున మొలిచే ఉంటాయి, తర్వాత వేసవంతా రేకుల కింద ఉడికాయి. వేడి ఐదు డిగ్రీలు పెరిగితే విత్తనం ఆయుష్షు సగానికి పడిపోతుందంటారు.

పెద్దాయన గోనె విప్పి చూసి, "ఏటి బాబూ, ఇవి ఏ గోదాములోవి?" అని ఒక్క మాటే అడిగారు. పైసా తీసుకోకుండా పాత గోదాములోంచి మార్చి ఇచ్చారు. మనవడు మాత్రం "మీరే నీళ్లు ఎక్కువ పోసుంటారు" అన్నాడు. ముప్పై ఏళ్లుగా నారు పోస్తున్నవాణ్ణి! నారుమడి పది రోజులు వెనకబడింది, ఉభాలకి, అంటే నాట్లకి, కూలీలు దొరక్క పడ్డ టెన్షన్ నాకే తెలుసు.

అయినా ఇప్పటికీ అక్కడే కొంటున్నాను. చేలో కేళీ కనబడటం చాలా అరుదు, అది మామూలు విషయం కాదు. మీరు వెళ్తే బిల్లు మీద లాట్ నంబరు రాయించుకోండి. బస్తా ఎత్తించే ముందు పెంకుల గోదాములోదేనా అని అడగండి, కుర్రాడు మొహం మాడ్చుకున్నా సరే.