హెచ్-ఇండెక్సా, మొత్తం సైటేషన్లా? క్లినికల్ ఫార్మకాలజిస్టును దేనితో తూచాలి?

ప్రొఫెసర్ పోస్టుకు ఇద్దరు క్లినికల్ ఫార్మకాలజిస్టులు, అంటే మనుషుల్లో మందులు ఎలా పనిచేస్తాయో పరిశోధించేవాళ్లు, వచ్చారనుకోండి. ఒకరి హెచ్-ఇండెక్స్ 22, ఇంకొకరిది 9. చాలాచోట్ల బోర్డు అక్కడితో బయోడేటా మూసేస్తుంది. ఆ రెండో మనిషి మొత్తం సైటేషన్లు, అంటే తన పేపర్లను వేరే పేపర్లలో ప్రస్తావించిన లెక్క, మొదటాయన కంటే రెండింతలున్నా ఎవరి కంటా పడవు.

హెచ్-ఇండెక్స్ లెక్కను 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త తెచ్చాడు. తలా పది సైటేషన్లకు తగ్గని పేపర్లు పది ఉంటే హెచ్ 10. పదకొండు కావాలంటే పదకొండు పేపర్లకూ పదకొండేసి ఉండాలి. ఎవరూ చదవని పేపర్లు వంద రాసినా ఇది కదలదు, ఏదో ఒక్కటి పేలినా కదలదు. నిలకడగా పనిచేసేవాళ్లను పట్టుకోవడానికి మంచి జల్లెడే.

కానీ ఈ శాఖలో గొప్ప పనులు చాలావరకు పనిముట్లు. మందు వికటించిందని అనుమానం వస్తే, అది నిజంగా మందు వల్లేనా అని తేల్చడానికి టొరంటోలో నరంజో బృందం 1981లో పది ప్రశ్నల స్కేలు ఇచ్చింది. స్కోరు 9 దాటినా, 9 వచ్చినా ఖాయం. 5 నుంచి 8 అయితే బహుశా మందే. 1 నుంచి 4 అయితే కావచ్చు. మన మెడికల్ కాలేజీల్లో ఫార్మకాలజీ పీజీలు మందు వికటించిన కేసుపై రిపోర్టు రాస్తే తరచూ ఈ స్కోరు వేస్తారు, ఆ పేపరును చూపుతారు. 1976 నాటి కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ సూత్రమూ అంతే. 140లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చవేసి, రక్తంలోని క్రియాటినిన్‌కు (కిడ్నీలు వడకట్టే వ్యర్థానికి) 72 రెట్లతో భాగిస్తే కిడ్నీ ఏపాటి పనిచేస్తోందో తెలుస్తుంది. ఆడవాళ్లకైతే 15 శాతం తగ్గించాలి. 249 మంది రోగుల వివరాల నుంచి పుట్టిన ఈ లెక్కతో దాదాపు యాభై ఏళ్లుగా మందుల డోసులు సరిచేస్తున్నారు. వేల సైటేషన్లున్న ఇలాంటి పేపరు వల్ల దాని రచయిత హెచ్-ఇండెక్స్ ఎంత పెరుగుతుంది? మహా అయితే ఒక్క అంకె!

అలాగని మొత్తం సైటేషన్లనూ నమ్మలేం. 2020 మార్చిలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నుంచి వచ్చిన, కోవిడ్‌కు హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడిన పేపరు గుర్తుందిగా. మందు తీసుకున్న 26 మందిలో ఆరుగురిని లెక్కలోంచి తప్పించారు. ముగ్గురు ఐసీయూకి వెళ్లారు, ఒకరు చనిపోయారు, ఒకరు వికారంతో మందు మానేశారు, ఒకరు ఇంటికెళ్లిపోయారు. ఈ పేపరుకూ సైటేషన్లు వేలల్లోనే, వాటిలో ఉతికి ఆరేసినవీ తక్కువేం కాదు. 2024 డిసెంబరులో జర్నలే దాన్ని ఉపసంహరించుకుంది. మెచ్చుకున్నా తిట్టినా లెక్కలో పడేది ఒకటే. దానికి తోడు వందలమంది రచయితలుండే పేపర్లలో ఎక్కడో చివర పేరున్నవాళ్లకూ మొత్తం వాటా దక్కుతుంది.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ సంగతి ఎత్తకపోవడమే మేలు. అది జర్నల్ పేపర్లకు సగటున వచ్చే సైటేషన్ల అంకె, మనిషిది కాదు.

ఇక ఈ అంకెలను ఎక్కడ చూడాలి? గూగుల్ స్కాలర్ ఉచితం, థీసిస్‌లనూ ప్రీప్రింట్‌లనూ (జర్నల్ సమీక్షకు ముందే బయటపెట్టిన పేపర్లనూ) కూడా కలుపుకుంటుంది కాబట్టి అంకె పెద్దదిగా కనిపిస్తుంది. స్కోపస్ అనే సైటేషన్ల డేటాబేస్ ప్రధానంగా తాను ఎంచుకున్న జర్నళ్లు, పుస్తకాలు, సదస్సు పత్రాలకే పరిమితం. రచయిత తన పేపర్లను తానే చూపించుకున్న సైటేషన్లను అందులో తీసేసి చూడొచ్చు. ఆ ఒక్క సౌకర్యం కోసమే నా ఓటు స్కోపస్‌కు. అయితే మన పేర్లతో అక్కడో తంటా ఉంది. ఇంటిపేరు ఒక పేపర్లో ముందు, ఇంకోదాంట్లో వెనక, వేరేచోట ఒక్క పొడి అక్షరం. దాంతో ఒక రావుగారు ముగ్గురవుతారు, లేదా ముగ్గురు రావులు ఒక్కరైపోతారు. ఆర్కిడ్ నంబరు (ప్రతి పరిశోధకుడికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకుని ప్రతి పేపరుకూ తగిలించడం ఇందుకే. ప్రొఫైల్ తెరవగానే అంకె చూసే ముందు, ఆ పేపర్లన్నీ ఆ మనిషివేనా అని చూడండి.

దరఖాస్తులో ఒకటే గడి ఉంటే స్వీయ సైటేషన్లు తీసేసిన స్కోపస్ హెచ్-ఇండెక్స్ రాయమంటాను. బోర్డులో నేనే కూర్చుంటే మాత్రం అభ్యర్థి ఐదు పేపర్లను తానే ఎంచి ఇమ్మని, వాటిని ఎవరు ఎందుకు వాడుకున్నారో చూస్తాను. ఏదైనా చికిత్సా మార్గదర్శకంలో ఆ పేపరు ఆధారంగా డోసు మారిందా? వార్డులో ఎవరైనా ఆ స్కేలు నింపుతున్నారా? అంత తీరిక ఎక్కడిదంటారేమో, ఐదు పేపర్లకు ఒక పూట చాలు.