మీటర్లు చెప్పారు, మెట్లు చెప్పలేదు: చింక్వే తెర్రెలో మూడు రాత్రులు

“స్టేషన్‌కు 250 మీటర్ల దూరం, సముద్రం కనిపించే బాల్కనీ, నలుగురికి సరిపోయే రెండు పడక గదులు, రాత్రికి 230 యూరోలు.” 2025 సెప్టెంబరు చివరి వారంలో మేము ఇటలీ తీరానికి బయలుదేరడానికి రెండు నెలల ముందు, ఈ ప్రకటన చదివి, దానితో పాటు పెట్టిన ఫొటో చూసి, రియోమజ్జోరె గ్రామంలో రెండు రాత్రులకు బస ఖాయం చేసుకున్నాను. ఆ ప్రకటనలో అబద్ధమంటూ ఒక్క ముక్క కూడా లేదని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు. చెప్పకుండా దాచినవి మాత్రం చాలా ఉన్నాయి. చింక్వే తెర్రెకు వెళ్లాలనుకునే తెలుగువారు, ముఖ్యంగా ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలనో అత్తమామలనో వెంటబెట్టుకుని వెళ్లాలనుకునేవారు, బస ఖాయం చేసుకునే ముందు ఒకసారి చదువుతారనే ఇది రాస్తున్నాను.

మేము మ్యూనిక్‌లో ఉంటాము. మా అమ్మ కాకినాడ నుంచి, అత్తయ్యగారు గుంటూరు నుంచి విజిటింగ్ వీసా మీద ఒకే సమయంలో వచ్చారు. వియ్యపురాళ్లిద్దరికీ మాటా మంతీ బాగానే కుదురుతుంది కాని మోకాళ్లు మాత్రం ఇద్దరికీ అంతంత మాత్రమే. మ్యూనిక్ నుంచి మిలాన్ దాకా, అక్కడి నుంచి మూడు గంటలకు పైగా రైల్లో లా స్పెజియా దాకా ప్రయాణం సాఫీగా సాగిపోయింది.

చింక్వే తెర్రె అంటే ‘ఐదు నేలలు’ అని అర్థం. లిగూరియా తీరంలో కొండలు నిటారుగా సముద్రంలోకి దిగే చోట, తూర్పు నుంచి పడమరకు వరుసగా రియోమజ్జోరె, మనరోలా, కొర్నీలియా, వెర్నాజ్జా, మొంతెరొస్సో అనే ఐదు చిన్న గ్రామాలున్నాయి. 1997లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది; 1999లో ఈ ప్రాంతం జాతీయ ఉద్యానమైంది. ఒక చివర లా స్పెజియా, మరో చివర లెవాంతొ అనే పట్టణాలుండగా, వాటి మధ్య తిరిగే రైలు ఈ ఐదింటినీ కలుపుతుంది. ఒక ఊరి నుంచి పక్క ఊరికి మూడు నాలుగు నిమిషాలే పడుతుంది. దారి దాదాపు అంతా సొరంగాలే కనుక కిటికీ దగ్గర చోటు కోసం తోసుకోవలసిన పని లేదు. సముద్రం ఇలా కనిపించి అలా మాయమవుతుంది.

రియోమజ్జోరెలో సాయంత్రం ఆరింటికి దిగాము. స్టేషన్ నుంచి సొరంగపు దారిలో నడిస్తే ఊరి ప్రధాన వీధి వస్తుంది. అది వీధి అనడం కంటే ఏటవాలు అనడం న్యాయం. మొదటి వంద మీటర్లకే అత్తయ్యగారి పెట్టె చక్రాలు రెండుసార్లు రాళ్ల సందుల్లో ఇరుక్కున్నాయి. ఆ తరువాత వీధి వదిలి మెట్ల సందులోకి మళ్లమని ఫోను చూపించింది. ఈ ఊళ్లలో ఇళ్లు సన్నగా, ఎత్తుగా, మూడు నాలుగు అంతస్తులతో కొండకు అతికించినట్టు ఉంటాయి. కింది వీధి నుంచి ఒక వాకిలి, పై సందు నుంచి మరో వాకిలి ఉండడం మామూలే. మా వాకిలి పై సందులోది. మా వారు పెట్టెలు మోస్తూనే లెక్క పెట్టారు: సందులో 94 మెట్లు, ఇంటి లోపల మరో 41. ప్రకటనలో మీటర్లు చెప్పారు, మెట్లు చెప్పలేదు.

తాళం ఇవ్వవలసిన మనిషి అక్కడ లేడు. ఫోను చేస్తే పది నిమిషాలన్నాడు. అత్తయ్యగారు పెట్టె మీద, అమ్మ మెట్టు మీద కూలబడ్డారు. “వదినగారూ, తిరుమల కొండ కాలినడకన ఎక్కినప్పుడైనా మధ్యలో మజ్జిగ దొరికింది” అని అమ్మ అంటే, అత్తయ్యగారు నవ్వకపోగా నా వైపు ఒక చూపు చూశారు. అప్పుడే నాకు భయం వేసింది. సూర్యాస్తమయం చూద్దామని ఆశపడి వచ్చిన మేము ఆ సందులో గోడను చూస్తూ గంటకు పైగా గడిపాము. ఏడుంబావుకు వచ్చిన ఆ యువకుడు మొదట అడిగింది పాస్‌పోర్టులు, రెండోది డబ్బు. ఇల్లు శుభ్రం చేసినందుకు 55 యూరోలు, రాత్రి ఏడు దాటాక తాళం ఇచ్చినందుకు ‘ఆలస్య రుసుము’ మరో 40 యూరోలు, రెండూ నగదుగానే, రసీదు లేకుండా. ఆలస్యం మాది కాదని, ఆరింటి నుంచి అక్కడే కూర్చున్నామని చెబితే, గడియారం చూపించి “ఇప్పుడు ఏడు దాటింది కదా” అన్నాడు. ఇద్దరు పెద్దవాళ్లను చీకట్లో నిలబెట్టి వాదించలేక ఇచ్చేశాము. ఇవి కాక మున్సిపాలిటీ వసూలు చేసే పర్యాటక పన్ను ఉంది; అది ఇటలీలో చాలాచోట్ల ఉన్నదే, న్యాయమైనదే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

ఇక బాల్కనీ సంగతి. ఫొటోలోని బాల్కనీ ఆ ఇంటిదే. అయితే అది పై అంతస్తులో ఉంది, ఆ అంతస్తును వేరే వారికి అద్దెకిచ్చారు. మా గదుల కిటికీలు కొండ వైపు ఉన్నాయి. కిటికీ తెరిస్తే చేతికందే దూరంలో రాతి గోడ, ఆ గోడ పగులులో వేళ్లూనుకున్న ఒక కేపర్ మొక్క, దాని గుండ్రటి ఆకుల మీద పై బాల్కనీ నుంచి కారే నీటి చుక్కలు. రెండు రాత్రులూ మాకు దక్కిన సముద్ర దృశ్యం అదే. మరునాడు ఆ యువకుణ్ణి నిలదీస్తే “ఇల్లు అదే కదా” అన్నాడు. బస ఖాయం చేసిన సంస్థకు ఫిర్యాదు చేస్తే బాల్కనీ విషయంలో ఏమీ తేల్చలేదు గాని, ఆరింటికే మేము పంపిన సందేశాల ఫొటోలు చూపించాక ఆ 40 యూరోలు మాత్రం మూడు వారాలకు తిరిగి వచ్చాయి. కాబట్టి తాళం ఇచ్చేవారితో నోటిమాటతో సరిపెట్టుకోకుండా, చేరిన వెంటనే సందేశం పంపి సమయం నమోదయ్యేలా చూసుకోండి. ఖాయం చేసే ముందే “స్టేషన్ నుంచి మంచం దాకా మెట్లు ఎన్ని, లిఫ్టు ఉందా, ఫొటోలోని బాల్కనీ ఈ గదిదేనా” అని రాతపూర్వకంగా అడగండి. దాటవేసేవారి ఇల్లు వద్దు.

యూరో నూరు రూపాయలు దాటినప్పటి నుంచి అమ్మకు లెక్క సులువైపోయింది. ఏ ధర విన్నా రెండు సున్నాలు తగిలించి నిట్టూరుస్తుంది. హోటల్లో భోజనం బిల్లులో ‘కొపెర్తొ’ అని మనిషికి 3 యూరోల చొప్పున 12 కనిపించేసరికి, “కూర్చున్నందుకు పన్నెండు వందలా?” అని కుర్చీని ఒకసారి తడిమి చూసింది. అది మోసం కాదు, బల్ల ఖర్చు కింద వారు అందరి దగ్గరా తీసుకునేదే, మెనూలో రాసే ఉంటుంది.

రెండో రోజు ఉదయానికి పెద్దవాళ్ల కోపం కొంత తగ్గింది. దానికి కారణం ‘వియా దెల్ అమోరె’, అంటే ప్రేమ బాట. రియోమజ్జోరె నుంచి మనరోలాకు కొండ అంచున దాదాపు 900 మీటర్ల దారి ఇది. 2012 సెప్టెంబరులో కొండరాళ్లు పడి పర్యాటకులు గాయపడ్డాక మూసివేశారు; పన్నెండేళ్ల తరువాత, 2024లో గాని తిరిగి తెరవలేదు. ఇప్పుడు సమయం ముందుగా ఎంచుకుని, ఉద్యానవన కార్డుకు తోడు మనిషికి 10 యూరోలు చెల్లించాలి. రియోమజ్జోరె వైపు నుంచే ప్రవేశం. కిలోమీటరు కూడా లేని నడకకు ఇంత డబ్బా అని మా వారు గొణిగారు గాని, ఈ ఐదు ఊళ్లలో మోకాళ్ల నొప్పులున్నవారు సముద్రాన్ని ఆనుకుని హాయిగా నడవగల దారి ఇదొక్కటే అని నా అభిప్రాయం. దారి పేరుకు అర్థం చెప్పగానే అమ్మ, అత్తయ్యగారు ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఫొటో దిగారు.

కార్డుల సంగతి కూడా చెప్పాలి. రైళ్లు, నడక దారులు కలిపి ఇచ్చే ఒకరోజు కార్డు ధర రోజునుబట్టి మారుతుంది; మేము వెళ్లిన రోజున పూర్తి ధర 27 యూరోలు. 70 ఏళ్లు దాటినవారికి తగ్గింపు ఉంది కనుక అత్తయ్యగారికి తక్కువే పడింది. 66 ఏళ్ల అమ్మ, “నాలుగేళ్లు ఆగి రావలసింది” అంది. రోజుకు నాలుగైదుసార్లు రైలెక్కేవారికి కార్డు లాభమే. ఒకటి రెండు ఊళ్లతో సరిపెట్టుకునేవారు విడి టికెట్లతో లెక్క వేసి చూసుకోవాలి. కాగితపు కార్డయితే పేరు రాసి, రైలెక్కే ముందే స్టేషన్‌లోని యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. మరచిపోతే తనిఖీలో జరిమానా తప్పదు.

కొర్నీలియా సముద్రానికి వంద మీటర్ల ఎత్తున ఉంటుంది. పడవలు అక్కడ ఆగవు. స్టేషన్ నుంచి ఊళ్లోకి 380 పైచిలుకు మెట్లు. కార్డు ఉన్నవారు చిన్న బస్సులో వెళ్లవచ్చు. మేము బస్సు ఎక్కాము, మా వారు పౌరుషానికి పోయి మెట్లెక్కారు, తరువాత అరగంట ఎవరితోనూ మాట్లాడలేదు.

మూడో రోజు పొద్దున్నే ఆ ఇల్లు ఖాళీ చేసి లా స్పెజియాలో స్టేషన్ దగ్గరి ఒక చిన్న బసకు మారాము. లిఫ్టు ఉంది, రెండు గదులు, ఉదయం ఫలహారంతో కలిపి 118 యూరోలు. యజమానురాలు పెద్దావిడ. మేము చేరింది గదులు సిద్ధం కాని వేళ అయినా పెట్టెలు లోపల పెట్టించి, పెద్దవాళ్లిద్దరినీ వంటింట్లో కూర్చోబెట్టి మోకా పాత్రలో కాఫీ కాచి ఇచ్చింది. ఆమెకు తెలుగు రాదు, వీరికి ఇటాలియన్ రాదు; మోకాలు చూపించి ముగ్గురూ పావుగంట మాట్లాడుకున్నారు.

ఆ రోజు వారిద్దరినీ మొంతెరొస్సోలో బీచ్ దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి, మేమిద్దరం వెర్నాజ్జా దాకా కొండదారిన నడిచాము. ఇసుక బీచ్, చదునైన వీధులు ఉన్నది మొంతెరొస్సోలోనే కనుక పెద్దవాళ్లతో గ్రామంలోనే ఉండి తీరాలనుకుంటే స్టేషన్ వైపున, లిఫ్టు ఉన్న బస అక్కడ వెతకండి. దారి మూడున్నర కిలోమీటర్లే అయినా ఆగుతూ నడిస్తే మాకు రెండు గంటల పైన పట్టింది. మామూలు చెప్పులతో వెళ్లనివ్వరు, వెళ్లకూడదు కూడా. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు, వాటి మధ్య మెట్ల పొలాల్లో ద్రాక్ష తీగలు. కోత రోజులు కావడంతో, కొండవాలున వేసిన ఒకే ఒక్క పట్టా మీద పళ్ల చక్రం కరుచుకుంటూ పోయే చిన్న బండి ద్రాక్ష బుట్టలతో కదులుతూ కనిపించింది. ఆ ద్రాక్షలో మేలైన గుత్తులను వారాల తరబడి ఆరబెట్టి ‘షక్కెత్రా’ అనే తియ్యని వైన్ చేస్తారు. ఈ గోడలు బాగు చేసేవారు లేక పాడుబడితే ఏమవుతుందో వెర్నాజ్జాకు తెలుసు. 2011 అక్టోబరు 25న కుండపోత వానకు కొండ జారి, బురద ఊరి వీధిని మీటర్ల లోతున ముంచేసింది. ఇప్పుడు అదే వీధిలో ఐస్‌క్రీం కోసం నిలబడినవారిని తప్పించుకుని రేవుకు చేరడానికి మాకు పది నిమిషాలు పట్టింది.

శాకాహారులకు ఈ తీరం మంచిదే. పెస్తో (తులసి లాంటి బేసిల్ ఆకుల పచ్చడి) దొరకని చోటు ఉండదు, అయితే అందులో చీజ్ ఉంటుంది. పిజ్జా మీద చేపముక్కలు వద్దని ముందే చెప్పాలి. మాకు అసలు పండుగ మాత్రం లా స్పెజియాలో చివరి రాత్రి దొరికిన ‘ఫరినాతా’. శనగపిండి, నీళ్లు, ఉప్పు, ఆలివ్ నూనె, అంతే. కట్టెల పొయ్యిలో, పెద్ద రాగి పళ్లెంలో పలచగా పోసి కాలుస్తారు. అంచులు కరకరలాడుతూ, మధ్యలో జున్నులా మెత్తగా ఉంది. ముక్క 3 యూరోలు. అత్తయ్యగారు మొదటి ముక్క కొరికి, “ఇది మన శనగపిండి అట్టే కదమ్మా” అని, సంచిలోంచి గుంటూరు కారప్పొడి పొట్లం తీసి దాని మీద చల్లుకున్నారు. మూడు రోజుల్లో ఆవిడ రెండోసారి అడిగి వడ్డించుకున్నది అదొక్కటే. కౌంటరు దగ్గరి కుర్రవాడు ఆ పొడి ఏమిటని సైగ చేస్తే ఒక చిటికెడు ఇచ్చారు. అతను దగ్గుతూనే బొటనవేలు ఎత్తి చూపించాడు.

గ్రామంలోనే ఉంటే దక్కే లాభం ఒకటుంది, అది దాచడం తప్పు. రాత్రి ఎనిమిది దాటాక పగటి జనమంతా రైళ్లలో వెళ్లిపోతారు. రెండో రాత్రి నేనొక్కదాన్నే ఆ 135 మెట్లు దిగి రియోమజ్జోరె రేవుకు వెళ్లాను. ఒడ్డుకు లాగి బోర్లించిన పడవలు, రాళ్ల మీద అలల చప్పుడు, వల సర్దుకుంటున్న ఒక ముసలాయన, అంతే. గంటసేపు కూర్చున్నాను. ఇద్దరే వచ్చి, భుజాన ఒక్కొక్క సంచితో దిగేవారు దీనికోసం గ్రామంలోనే ఒక రాత్రి ఉండవచ్చు. మాకు మాత్రం రెండు రాత్రులకు అద్దె, అదనపు రుసుములు కలిపి 555 యూరోలైంది, పన్ను కాక. 40 తిరిగి వచ్చినా 515. అదే ఆ రెండు రాత్రులూ లా స్పెజియాలో ఉంటే 236. మిగిలే 279 యూరోలకు ఫరినాతా ముక్కలు ఎన్ని వచ్చేవో అమ్మ లెక్క కట్టి చెప్పింది: తొంభై మూడు.